క్రింది మెట్టు గౌరవం

పదవి పెరిగితే మనిషి పెరిగినట్లు లెక్క వేయడం లోకానికి అలవాటు. అధ్యాపకుడు ప్రిన్సిపాలు కావాలి, గుమాస్తా మేనేజరు కావాలి. కానివాడు వెనుకబడినాడనీ, అయి తిరిగి వచ్చినవాడు చెడినాడనీ అనుకొంటాము. ఈ లెక్క ఎంతవరకు సరియైనదో విచారించడానికి మేము ఈ సంచికలో మన విద్యార్థులకు అంతగా పరిచయం లేని ఒక ఆట నుండి, ఒక దూరదేశం నుండి, ఒక గురువు జీవితాన్ని ఉదాహరణగా తీసుకొంటున్నాము. ఆయన పేరు రాడ్ మారినెల్లి. అమెరికా ఫుట్‌బాల్ ఆటలో రక్షణ వరుసకు శిక్షకుడు.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచేది మనం కాలితో ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తడం, విసరడం అందులో ప్రధానం. పక్షానికి పదకొండుగురు. బంతి చేతనున్న పక్షం నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. ఆ పక్షానికి సూత్రధారి క్వార్టర్‌బ్యాక్. అతనికి కవచంగా ఐదుగురు భారీకాయులు వరుస తీరి నిలుస్తారు. వారికి ఎదురుగా రక్షణ పక్షం నుండి ముగ్గురో నలుగురో వంగి, చేయి నేలకు ఆనించి నిలుస్తారు. ఇదే రక్షణ వరుస. రెండు వరుసల నడుమ ఎడం బంతి పొడవంత, అనగా సుమారు 11 అంగుళాలు మాత్రమే. బంతి కదలగానే నూరు కిలోలకు మించిన దేహాలు ఢీకొంటాయి. రెండు మూడు సెకన్లలో కవచాన్ని ఛేదించి, బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టితే దానిని 'సాక్' అంటారు.

ఈ వరుసకు చెప్పే పాఠాలు చూడడానికి చాల చిన్నవి. మొదటి అడుగు ఏ కాలితో వేయాలి, నడుము ఎంత వంగాలి, చేతులు ఎదుటివాని దేహంపై ఎక్కడ పడాలి: రోజూ ఇదే పాఠం, ఏళ్ల తరబడి ఇదే పాఠం. మన పట్టణాలలోని తాలీంఖానాలను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. అక్కడ ఉస్తాదు కుర్రవానికి పట్లు నేర్పడానికి ముందు నిలబడడం నేర్పుతాడు. మారినెల్లి అటువంటి ఉస్తాదు. పరుగెత్తవలసిన చోట ఆటగాడు పూర్తి వేగంతో పరుగెత్తకపోతే దానిని 'లోఫ్' అని పేరు పెట్టి లెక్క కట్టే పద్ధతి ఆయన శిక్షణలో ప్రసిద్ధమైనది. ఆట గెలిచినా సరే, ఆ లెక్కకు మినహాయింపు లేదు.

ఆయన 1949లో కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించినాడు. యౌవనంలో వియత్నాం యుద్ధానికి వెళ్లి, తిరిగి వచ్చి చదువు ముగించినాడు. 1973లో రోజ్‌మీడ్ పట్టణపు హైస్కూలులో శిక్షకుడుగా చేరి, ఆపైన వరుసగా నాలుగు విశ్వవిద్యాలయాలలో పనిచేసినాడు. వృత్తి ఆటగాళ్ల జట్టులో తొలిసారి ఉద్యోగం దొరికేనాటికి, అనగా 1996కు, ఆయన వయస్సు 46 సంవత్సరాలు. అప్పటికి ఇరువది మూడేళ్ల బోధనానుభవం ఆయన వెనుక ఉన్నది.

ఆ జట్టు ఫ్లోరిడాలోని టాంపా బే బక్కనీర్స్. ఏళ్ల తరబడి ఓటములకే పేరుపడిన జట్టు. టోనీ డంగీ ప్రధాన శిక్షకుడుగా వచ్చి మారినెల్లిని రక్షణ వరుసకు నియమించినాడు. పది సీజన్లు ఆయన ఆ వరుసకు పాఠం చెప్పినాడు. ఆ వరుసలోని వారెన్ శాప్ 1999లో ఉత్తమ రక్షణ ఆటగాడుగా ఎన్నికైనాడు. 1999 నుండి 2003 వరకు ఆ జట్టు వరుసగా 69 ఆటలలో, ప్రతి ఆటలోను కనీసం ఒక సాక్ సాధించి ఆనాటికి రికార్డు నెలకొల్పినది. 2003 జనవరి 26న సూపర్ బౌల్‌లో ఓక్లండ్ రైడర్స్ జట్టును 48-21 తేడాతో ఓడించినది. ఆనాడు ప్రత్యర్థులు విసరిన బంతులలో ఐదింటిని టాంపా ఆటగాళ్లు నడుమనే అందుకొన్నారు. పత్రికలలో అందుకొన్నవారి పేర్లు వచ్చినవి. విసిరేవానికి ఊపిరి తీసుకొనే వ్యవధి ఇవ్వని ముందువరుస లేకుంటే, వెనుకనున్నవారి చేతులకు బంతులు అంత సులభంగా అందుతాయా?

ఇంత చేసినవానికి లోకం ఇచ్చే బహుమానం ఏది? పై మెట్టు. 2006లో డెట్రాయిట్ లయన్స్ జట్టు ఆయనను ప్రధాన శిక్షకునిగా పిలిచినది. మొదటి ఏడు మూడు గెలుపులు, పదమూడు ఓటములు. రెండవ ఏడు ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములు. మూడవ ఏడు, 2008లో, పదహారు ఆటలకు పదహారు ఓటములు. 1978లో పదహారు ఆటల సీజను ఏర్పడిన తరువాత పదహారింటికి పదహారు ఆటలు ఓడిన జట్టు అంతవరకు లేదు. ఆ సీజనులో ఎదుటి జట్లకు సమర్పించిన పాయింట్లు 517. రక్షణ విద్యలో ఆరితేరినవాని జట్టు రక్షణలోనే కుప్పకూలినది. ఆ విభాగాన్ని నడుపుతున్నవాడు ఆయన సొంత అల్లుడు. ఓటములు సాగుతున్న రోజులలోనే విలేఖరుల సమావేశంలో ఒకరు, మీ అమ్మాయి ఇంతకంటె మెరుగైన రక్షణ శిక్షకుని పెండ్లాడి ఉంటే బాగుండేదని మీకు అనిపిస్తున్నదా, అన్న అర్థం వచ్చేటట్లు అడిగినాడు. ఓటమి ఇంటి ఆడపడుచును సైతం బజారుకీడ్చగలదు. డిసెంబరు 29న జట్టు ఆయనను తొలగించినది.

ఆ మూడేళ్లలో ఆయన బాధ్యత లేదని మేము వాదించబోము. నలుగురి అడుగులు దిద్దడం వేరు, ఒక సంస్థను నడపడం వేరు. రెండవది ఆయనకు ఫలించలేదు. మమ్ము ఆలోచింపజేసినది ఆపైన జరిగినది.

2009లో ఆయన చికాగో బేర్స్ జట్టులో మళ్లీ రక్షణ వరుస శిక్షకుడుగా చేరినాడు. అక్కడి ప్రధాన శిక్షకుడు లవీ స్మిత్ ఒకప్పుడు టాంపాలో ఆయనతో సమానంగా పనిచేసిన సహచరుడు. ఆనాటి సహచరుని చేతి క్రింద, వెనుకటి పనిలో, మళ్లీ మొదటి అడుగు పాఠం. మరుసటి ఏడే రక్షణ విభాగమంతా ఆయన చేతికి వచ్చినది. 2012లో ఆ జట్టు ప్రత్యర్థుల నుండి 44 పర్యాయాలు బంతిని చేజిక్కించుకొని లీగులో ప్రథమ స్థానంలో నిలిచినది. 2013లో డల్లాస్ కౌబాయ్స్‌లో తిరిగి వరుస శిక్షకుడు. 2014 నుండి 2019 వరకు విభాగాధిపతి. 2020లో, డెబ్బదియేండ్ల వయస్సులో, రైడర్స్ జట్టులో మరల వరుస శిక్షకుడు. ఒకనాడు తన శిష్యులు సూపర్ బౌల్‌లో ఓడించిన జట్టే అది. అప్పటికి లాస్ వేగాస్‌కు తరలినది. అక్కడ 2021 సీజను వరకు పనిచేసినాడు.

లెక్కించి చూడండి. 2009లో, 2013లో, 2020లో, మూడుసార్లు ఆయన పై మెట్టు నుండి క్రింది మెట్టుకు వచ్చినాడు. వచ్చిన ప్రతిసారి ఆయనకు చోటు దొరికినది. దిగివచ్చినవాడని ఆ జట్లు తలుపు మూయలేదు; దిగివచ్చితినని ఆయన పని మానలేదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. అక్కడ క్రింది మెట్టుకు కూడ జీతం దండిగా ఉంటుంది, మన ఉద్యోగాలతో పోలిక ఏమిటి అనవచ్చు. నిజమే. ఇంతకంటె బలమైన ఆక్షేపణ మరొకటి కలదు. మన విద్యార్థులలో పలువురు తమ ఇంట కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. వారు పై మెట్లు ఎక్కవలసిన కాలంలో క్రింది మెట్టును పొగడడం మేలు చేస్తుందా అని కమిటీ పెద్దలు అడుగవచ్చు. ఎక్కవలసినదే. మేము కాదనము. అయితే ఎక్కేవానికి ఆధారం మొదటి మెట్టు. దానిని గట్టిగా కట్టేవానికి మన లెక్కలో గౌరవం లేకపోతే నష్టపోయేది ఆ మొదటితరం విద్యార్థులే.

మేము చదువుకొన్న రోజులలో ఒక కళాశాలలో వ్యాకరణం చెప్పే గురువు ఒకరుండేవారు. సంధి విడదీసి బోర్డుపై వ్రాస్తుంటే వెనుక బెంచీవారు కూడ పలకరింపులు మానేవారు. యాజమాన్యం సంతోషించి ఆయనను ప్రిన్సిపాలుగా చేసినది. ఆపైన ఆయన కాలమంతా గ్రాంటు కాగితాలు, జీతాల బిల్లులతోనే గడచినది. తిరిగి తరగతికి వెళ్లాలని ఆయనకు మనసున్నది. "దిగినాడు" అనే మాటకు భయపడి, పదవీ విరమణ దాక ఆ కుర్చీలోనే ఉండిపోయినారు. కళాశాలకు ఒక సామాన్యమైన అధికారి దొరికినాడు. ఒక అసామాన్యమైన అధ్యాపకుడు పోయినాడు. ఆ తరువాతి విద్యార్థులు ఏమి కోల్పోయినారో వారికే తెలియదు.

కనుక కళాశాల కమిటీవారికి మా మనవులు రెండు. పరిపాలన నుండి తరగతికి మరలదలచిన అధ్యాపకునికి, ఆయన సీనియారిటీకి లోటు రాకుండ, సగౌరవంగా దారి విడవండి. మొదటి సంవత్సరపు తరగతులను కొత్తగా చేరినవారికి అప్పగించే ఆచారాన్ని మానండి. తెలుగుగానీ, ఉర్దూగానీ, లెక్కలుగానీ, మొదటి అడుగు తప్పిన విద్యార్థిని మూడవ సంవత్సరంలో దిద్దడం ఎవరి తరమూ కాదు.

విద్యార్థులకు ఒక్క మాట. మీలో అధికారులయ్యేవారు, సంస్థలు నడిపేవారు ఉంటారు. కావాలనే మా కోరిక. ఏనాడైనా ఒక పదవి మీకు అచ్చిరాకపోతే, మీకు చేతనైన పనికి తిరిగి వెళ్లడానికి సిగ్గుపడకండి. ఎవరైనా అలా తిరిగివస్తే వారిని చూచి నవ్వకండి.

వచ్చే జూనులో మొదటి సంవత్సరం విద్యార్థులు మన తరగతి గదులలో బెదురు చూపులతో కూర్చొంటారు. ఆనాడు వారి ముందు నిలిచే అధ్యాపకుడు మనలో అందరికంటె అనుభవశాలి కావాలి. ఆ తరగతిని అడిగి తీసుకొనేవారిలో మేము ముందుంటామని ఈ సంచిక ముఖాన మాట ఇస్తున్నాము.