చెమట పట్టనంత మాత్రాన వేడి లేనట్టు కాదు

‘ఎండలో పుట్టి పెరిగినవాళ్లకు ఎండొక లెక్కా?’ మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారు వేడికి ఆగలేకపోతున్నామంటే ఇళ్లలో, ఆఫీసుల్లో ఎదురయ్యే మాట ఇది. నుదుట చెమట కనిపించకపోతే, నీడలోకి రాగానే తేరుకుంటే ఇక నాటకమనే తేల్చేస్తారు. ఈ తీర్పు తప్పు, క్రూరం కూడా.

ఈ జబ్బులో నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. పొర ఊడిన నరంలో సంకేతం అతికష్టం మీద సాగుతుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అది ఆగిపోవచ్చు. చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. శ్రమపడ్డాక ఈ రోగుల చూపు మందగించడాన్ని 1890లోనే జర్మన్ నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ వివరించాడు. అసలు కారణం శ్రమతో పెరిగే వేడి అని తర్వాత తేలింది. ఎమ్మారై రాకముందు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి జబ్బును పరీక్షించేవారు. వైద్యులు ఆధారంగా తీసుకున్న లక్షణాన్ని మనం నాటకమంటున్నాం!

ఇక చెమట సంగతి. చెమట పట్టాలంటే మెదడులోని హైపోథలామస్ నుంచి వెన్నుపాము మీదుగా స్వేద గ్రంథులకు ఆజ్ఞ అందాలి. ఆ దారి దెబ్బతిన్నవారికి చెమట తగ్గుతుంది, వేడి లోపలే నిలిచిపోతుంది. ‘అలవాటు పడాలి’ అంటారు. ఆరోగ్యవంతులు ఎండకు అలవాటు పడేది చాలావరకు త్వరగా, ఎక్కువగా చెమట పట్టడం వల్లే. ఆ శక్తే తగ్గినవారికి ఈ సలహా ఏం పనికొస్తుంది? చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి వారికి ఫ్యాను ఒక్కటే చాలదు. చర్మం తడిపి గాలి తగలనివ్వాలి.

చల్లబడగానే తేరుకోవడం ఈ స్థితి స్వభావమే. వేడి కొత్తగా నరాలను పాడుచేయదు. కనుక భయపడి వ్యాయామం మానక్కర్లేదు, చల్లని వేళ చేసుకోవచ్చు. ఒళ్లు చల్లబడినా లక్షణాలు 24 గంటలు దాటి ఉంటే, జ్వరం ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యాల జాబితాలో చేర్చింది. దివ్యాంగ ఉద్యోగులకు ప్రభుత్వ సంస్థలు తగిన వెసులుబాట్లు కల్పించాలనీ చెప్పింది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో చల్లని గది, ఉదయం డ్యూటీ, క్యూలో నిలబడకుండా మినహాయింపు విలాసాలెలా అవుతాయి? ఈ వేసవిలో మీ పక్కనున్నవారు వేడికి ఆగలేనంటే, చెమట కోసం వారి నుదురు వెతకకండి. నమ్మండి, ముందు చల్లని చోటికి తీసుకెళ్లండి.