ఆరోగ్య ప్రసంగము: గడ్డముపై రోమములు

గోదావరి ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమార్తెకు పందొమ్మిదేండ్లు. గడ్డముక్రింద రోమములు మొలచుచున్నవి, మొటిమలు మానుటలేదు, నాలుగు మాసములకొకమారు గాని బహిష్టు కాదట. ఇంటివారే "మగరాయుడు" అని పరిహసించుచున్నారట. పెండ్లిమాటలు జరుగుచున్నవి గనుక వైద్యురాలికి చూపించిన నలుగురికిని తెలియునని తల్లి జంకుచున్నారు.

అమ్మా, టెస్టోస్టిరోను పురుషుల సొత్తు గాదు. ప్రతి స్త్రీకిని అండాశయములందును, మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులందును అది కొలదిగా పుట్టుచునే యుండును. ఆ కొలది మీరినపుడే యీ చిహ్నములు. దానికి మిక్కిలి తరచైన హేతువు పి.సి.ఓ.ఎస్. అను వ్యాధి. 1935లో చికాగో నగరమున స్టెయిన్, లెవెంతాల్ అను వైద్యులు ఏడుగురు స్త్రీలయందలి యీ లక్షణములను వర్ణించిరి. నేడు సంతానయోగ్యమగు వయస్సుగల స్త్రీలలో నూటికి 10 మొదలు 13 మందికి ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పరిహసించిన యింటిలోనే మరియొకరికి ఉండవచ్చును!

అనేకులయందు ఇన్సులిను సరిగా పనిచేయమిచే శరీరము దానిని అధికముగా పుట్టించును. అది అండాశయమును ప్రేరేపించి టెస్టోస్టిరోనును పెంచును. కావున అన్నము కొంత తగ్గించి పప్పు, కూరలు పెంచుటయు, నిత్యము అరగంట వడిగా నడచుటయు మేలు. స్థూలకాయులు తమ బరువులో నూటికి 5 పాళ్లు తగ్గినను బహిష్టు క్రమపడుట కలదు. సన్ననివారికిని ఈ వ్యాధి వచ్చును గనుక పిల్లను పస్తులుంచరాదు.

గొరిగిన రోమములు దట్టమగునను మాట నిజము గాదు. మందులు వాడినను రోమములు పలుచబడుటకు ఆరు మాసములైన పట్టును. వానిలో గర్భిణులు పుచ్చుకొనరానివి కలవు గనుక పొరుగువారి చీటీ చూపి కొనకుడు.

మాకు రోమములకంటె బహిష్టు విషయమే యెక్కువ చింతగా నున్నది. మాసములకొలది అది రాకున్న గర్భాశయపు లోపొర దళసరియగును. ఏండ్లతరబడి ఉపేక్షించిన క్యాన్సరు భయము హెచ్చును. మధుమేహమునకును ఇది త్రోవ. పెండ్లికి దాచిన రోగము పెండ్లితో పోదు. సంతానము కలుగదను భీతి వలదు. చికిత్సతో పెక్కుమంది తల్లులగుచున్నారు.

జాబులో అమ్మాయి కంఠస్వరమును గూర్చి వ్రాయలేదు. ఈ రెండు మూడు మాసములలో స్వరము బొంగురై, రోమములు హఠాత్తుగా పెరిగియున్నచో అది అండాశయమందో, అడ్రినల్ గ్రంథియందో కణితి కావచ్చును. అట్లయిన మా ప్రత్యుత్తరమునకై కనిపెట్టుకొనక రేపే ఆసుపత్రికి తీసికొనిపొండు.