మధ్యలో ఆపినవాడిదేనా పాపం?

మందులకు లొంగని న్యుమోనియాల ప్రస్తావన ఏ సదస్సులో వచ్చినా తప్పు చివరికి రోగి నెత్తినే రుద్దుతారు. జ్వరం తగ్గగానే మాత్రలు మానేస్తాడట, కోర్సు పూర్తి చేయడట, అందుకే క్రిములు మొండికెత్తాయట. ఏటా నవంబరులో జరిగే యాంటీబయాటిక్‌ల అవగాహన వారోత్సవాల పోస్టర్లదీ అదే పాట. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ అందులో నిజం పాలు తక్కువ.

ఈ వాదానికి బలం పోసింది పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే. 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసమిస్తూ ఓ కల్పిత కథ చెప్పాడు. ఒకాయన గొంతునొప్పికి చాలీచాలని పెన్సిలిన్ వాడాడు. స్ట్రెప్టోకాకస్ క్రిమి చావకపోగా రాటుదేలింది. అది భార్యకు అంటుకుని న్యుమోనియా అయింది, మందు పనిచేయక ఆమె చనిపోయింది. తప్పంతా మొగుడిది! తమాషా ఏమిటంటే, గొంతునొప్పి తెచ్చే ఆ స్ట్రెప్టోకాకస్ ఈనాటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది.

ఇప్పుడు ఆస్పత్రులను వణికిస్తున్న న్యుమోనియా క్రిములు క్లెబ్సియెల్లా, న్యుమోకాకస్‌ల దారి వేరు. జబ్బు చేయకముందే అవి మన పేగుల్లోనో, ముక్కు వెనకో చప్పుడు లేకుండా కాపురముంటాయి. ఏ జబ్బుకు మింగిన యాంటీబయాటిక్ అయినా వాటికీ తగులుతుంది. లొంగేవి చస్తాయి, తట్టుకున్నవి ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. మందు ఎంత ఎక్కువ రోజులు వాడితే వాటికి అంత వీలు. కాబట్టి ముప్పంతా అక్కర్లేని మందు మొదలుపెట్టడంలో, అక్కర్లేనన్ని రోజులు సాగదీయడంలో ఉంది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఈ మాటే రాశారు. రోగి కోలుకుంటూ ఉంటే మామూలు న్యుమోనియాకు ఐదు రోజులు చాలని 2019 నాటి అమెరికా మార్గదర్శకాలూ చెప్పాయి. మరి మన చీటీల్లో ఏడు, పది రోజులు ఏ లెక్కన రాస్తున్నట్టు?

క్షయ సంగతి వేరు. అక్కడ మందులు మధ్యలో ఆపితే నిజంగానే కొంప మునుగుతుంది. ఆ నీతినే తెచ్చి ప్రతి దగ్గుకూ అంటగట్టారు. అలాగని ఎవరికి వారు మాత్రలు ఆపేయమనడం లేదు. ఎన్ని రోజులో లెక్క చూసి రాయాల్సింది డాక్టరు, ఆ లెక్క అడగాల్సింది ఆయన్నే.

దగ్గుతో ఏ మందుల షాపుకైనా వెళ్లి చూడండి. "తెమడ పచ్చగా పడుతోందా అన్నా?" అని షాపువాడు అడిగి, షీటు మీంచి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు మూడు కత్తెరతో కత్తిరించి కవర్లో వేస్తాడు. ఆ పచ్చదనం మన తెల్లకణాల్లో ఉండే ఓ ఎంజైముది, వైరస్ వల్ల వచ్చిన దగ్గులోనూ కనిపిస్తుంది. వైరస్‌కు ఆ బిళ్లలు ఏమీ చేయవు. రోగి పాపం బుద్ధిగా మూడూ మింగుతాడు, కోర్సు పూర్తి! ఆ తర్వాత కూడా ఆ మందు అరకొర మోతాదులో రోజుల తరబడి ఒంట్లో మిగిలే ఉంటుంది. క్రిములు రాటుదేలడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇక హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు. అక్కడి మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. మాత్ర వేసుకున్న మనిషి నెత్తుట్లో కూడా అంత ఉండదు. శుద్ధి అయిన నీటి సంగతే ఇది! దీన్ని ఏ రోగి నెత్తిన రుద్దుతారు? కంపెనీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామంటూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.