చెవిలేని పొగడ్త

ఈమధ్య ఒక అనువాద సంకలనం ఆవిష్కరణ సభలో వేదిక మీది పెద్దాయన ఒకరు తేల్చి చెప్పారు. చైనావాళ్ళకి ఛందస్సు గొడవే లేదట. వెయ్యేళ్ళ కిందటే హాయిగా వచన కవిత రాసుకున్నారట. మనమే యతిప్రాసలు పట్టుకుని వేలాడామట. సభ చప్పట్లు కొట్టింది. పనిలో పనిగా మా పత్రిక పేరెత్తి, ఇంకా పద్యాలు అచ్చేస్తున్న పాతసరుకు అని ఒక చురక వేశారు. చురక సంగతి వదిలేద్దాం. (వదిలేశామంటే పాఠకులు నమ్మరని తెలుసు.) పద్యాన్ని తిట్టదలిస్తే తెలుగులోనే బోలెడన్ని కారణాలు దొరుకుతాయి. అందుకు తాంగ్ కవుల చేత దొంగసాక్ష్యం చెప్పించడం అన్యాయం.

తాంగ్ రాజుల కాలంలో (618–907) స్థిరపడ్డ ‘ల్యూషీ’నే చూడండి. ఎనిమిది పాదాలు. పాదానికి అయిదో ఏడో అక్షరాలు. అయిదైతే రెండు దాటాక, ఏడైతే నాలుగు దాటాక విరుపు. సరి పాదాల చివర అంత్యప్రాస, అదీ మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. నడిమి నాలుగు పాదాలూ రెండు జంటలు. పై పాదంలో కొండ ఉన్నచోట కింది పాదంలో ఏరు ఉండాలి, అంకె కింద అంకె, క్రియ కింద క్రియ రావాలి. తాంగ్ కవి దూ ఫూ 767లో రాసిన ‘దెంగ్ గావ్’లో, నాలుగు పాదాలకే ఉన్న ఈ నిబంధనని ఎనిమిదింటికీ పట్టించాడు. అడిగిన దానికన్నా ఎక్కువ కట్టుబడినవాణ్ణి మనం వచన కవితకి ఆద్యుణ్ణి చేస్తున్నాం!

అసలు పనితనం స్వరంలో ఉంది. చైనా భాషలో ప్రతి అక్షరానికీ ఒక స్వరం. పాత రోజుల్లో అవి నాలుగు. అందులో ఒకటి సమం, తక్కిన మూడూ కలిపి వక్రం. పాదంలో రెండో అక్షరం సమమైతే నాలుగోది వక్రం కావాలి, జంటలోని కింది పాదంలో ఇది తారుమారవ్వాలి. మన గురులఘువులు కాలాన్ని కొలుస్తాయి, వాళ్ళ లెక్క గొంతు నడకది. షెన్ యుయె (441–513), ఆయన సమకాలికులు ఈ స్వరాలని పట్టుకుని కవిత్వ దోషాలని నిర్ణయించారు. బౌద్ధ సూత్రాల పారాయణంతో వెళ్ళిన సంస్కృత శబ్దశాస్త్రమే దీనికి దారి చూపిందని 1934లో చెన్ యిన్‌కె వాదించాడు. 1991లో విక్టర్ మైర్, త్సు-లిన్ మే ఇంకా ముందుకెళ్ళి సమవక్రాల వెనక గురులఘువుల నమూనా ఉందన్నారు. అందరూ ఒప్పుకున్న మాట కాదు. అయినా ఇంతమంది తలలు బద్దలుకొట్టుకున్న ఛందస్సుని ‘లేదు’ అనేశారు మన వక్త.

ఒక్క చిన్న కవిత వినండి. ల్యూ జోంగ్‌యువాన్ (773–819) దేశపు దక్షిణాన యోంగ్‌జోలో ప్రవాసశిక్ష అనుభవిస్తూ రాసిన ‘నది మీద మంచు’. మొత్తం ఇరవై అక్షరాలు. పిట్టలు లేవు, దారుల్లో మనిషి అడుగు లేదు, మంచులో గాలం వేసుకుని పడవలో ఒక ముసలివాడు. ఇంతవరకు ఏ అనువాదమైనా చెబుతుంది. చెప్పనిది ప్రాస. అలవాటుగా రావలసిన సమస్వరాన్ని వదిలి కవి వక్రాన్ని ఎంచుకున్నాడు. అందులోనూ హల్లుపొల్లుతో ముగిసే స్వరాన్ని. ప్రాసపదాలు మూడూ ఆనాడు ‘త్’ దగ్గర ఠక్కున ఆగేవి. నేటి బీజింగ్ ఉచ్చారణలో ఆ పొల్లు రాలిపోయింది. క్యాంటనీస్ మాట్లాడేవాళ్ళ నోట ఇప్పటికీ బతికే ఉంది: జ్యూత్, మిత్, స్యూత్. నాలుక పళ్ళ వెనక ఆగుతుంది, గాలి బయటికి రాదు. మనది అజంత భాష, పాదం చివర అచ్చు సాగుతూనే ఉంటుంది. కాబట్టి ఆ ఆగడం మన చెవికి మరీ గట్టిగా తగలాలి. లోకమంతా ఆగిపోయిందని మాటలు చెబుతుంటే శబ్దం తనూ ఆగిపోయింది. దీన్ని ‘చిత్రం’ అని మాత్రమే మెచ్చుకుంటే సగం కవితని పారేసినట్టే.

ఈ చెవుడు మనకి ఇంగ్లీషు నుంచి అంటింది. 1915లో కవి ఎజ్రా పౌండ్ ‘కాథే’ పేరుతో చైనా కవితల అనువాదాలు అచ్చేశాడు. అప్పటికి ఆయనకి చైనీస్ రాదు. అమెరికన్ పండితుడు ఫెనలోసా జపాన్‌లో గురువుల దగ్గర రాసుకున్న నోట్సే ఆధారం, అందుకే ఆ పుస్తకంలో తాంగ్ కవి లీ బాయ్ పేరు ‘రిహాకు’ అయి కూచుంది. గొప్ప ఇంగ్లీషు కవిత్వమే, కాదనం. కానీ అందులోని వచన లయ పౌండ్‌ది. దాన్ని లీ బాయ్ ఖాతాలో రాసి, మళ్ళీ దాన్ని తెలుగు చేసి, ‘చూశారా, వాళ్ళకి ఛందస్సు లేదు’ అంటే ఏమనాలి?

పోనీ చైనా వచన కవులనే అడుగుదాం. 1917 జనవరిలో హు షి సాహిత్య సంస్కరణ కోసం ఎనిమిది సూత్రాలు ప్రకటించాడు. పాదాల జంట పొంతన కోసం పాకులాడవద్దన్నది అందులో ఒకటి. లేనిదాన్ని వద్దని ఎవరంటారు? హు షి, మన వచన కవి కుందుర్తి, ఇద్దరికీ తాము దేన్ని వదులుతున్నారో తెలుసు. ఇవాళ్టివాళ్ళకి వదిలిందేమిటో కూడా తెలియదు.

స్వరాలు తెలుగులోకి రావు కదా అంటారు, నిజమే. చైనా కవితలని ఇంగ్లీషు చేసిన ఆర్థర్ వేలీకీ రాలేదు. అయినా ఆయన మూలంలోని ఒక్కో అక్షరానికి ఇంగ్లీషులో ఒక్కో ఊనిక నిలపడానికి తంటాలుపడ్డాడు.

మాకు చైనా కవితల అనువాదాలు పంపేవారికి మనవి. ఏ భాష నుంచి, ఎవరి అనువాదం నుంచి చేశారో రాయండి. మూలం ఏ రకం పద్యమో, పాదానికి ఎన్ని అక్షరాలో, ప్రాస ఎక్కడుందో రెండు ముక్కలు జతచేయండి. ఇవి లేని అనువాదాలని ఇకమీదట పరిశీలించం.