చప్పట్లు సరే, చోటేదీ?

మొన్న ఆదివారం వంటిల్లు సర్దుకుని, మా వదినా నేనూ ఒక క్యూబా డాక్యుమెంటరీ చూశాం. 1996లో తీసినది. పేరుకి తెలుగు చెప్పాలంటే "పరంజా మీది సీతాకోకచిలుకలు". హవానా శివార్లలో లా గినేరా అనే పేట. అక్కడ ఇటుకలు మోసి, ఇళ్ళు కట్టిన వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ కూలీల భోజనశాలలో ఆడవేషాలు కట్టి ఆడిపాడే కళాకారుల కథ అది. మొదట్లో మొహం చిట్లించిన వాళ్ళే చివరికి వాళ్ళని సొంతమనుషుల్లా చూసుకున్నారు.

"ఎంత మంచి మనసులో! ఇంక అక్కడ వాళ్ళకే కష్టమూ లేదన్నమాట" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. మనం కంటతడి పెట్టగానే వాళ్ళ కష్టాలు గట్టెక్కిపోతాయా?

అదే దేశం గురించి 1984లో ఇంకో సినిమా వచ్చింది, "ఇంప్రాపర్ కాండక్ట్" అని. తీసిన నెస్తోర్ అల్మెండ్రోస్, ఓర్లాండో హిమెనెస్ లేయాల్ ఇద్దరూ దేశం వదిలిపోయిన వాళ్ళే. 1965 నుంచి 1968 దాకా నడిచిన "ఉమాప్" శిబిరాల సంగతి అందులో ఉంది. స్వలింగ ప్రేమికుల్ని, మతం వదలమన్న వాళ్ళని పట్టుకుపోయి, ముళ్ళకంచెల మధ్య పొలం పనులు చేయించారు.

"అవన్నీ గిట్టనివాళ్ళ మాటలు అత్తా" అన్నాడు మేనల్లుడు.

గిట్టకపోతే మాత్రం? దెబ్బ తగిలినవాడే కదా అరిచేది! ఆ అన్యాయానికి బాధ్యుడు తానేనని 2010లో ఒక మెక్సికో పత్రికతో ఫిదెల్ కాస్ట్రోయే ఒప్పుకున్నాడు. అలాగని ఈ సినిమా ఒక్కటే పట్టుకుని, లా గినేరా ఆడవాళ్ళ మంచితనం అబద్ధమనడమూ అన్యాయమే. అత్త మాటే విని కోడలి నోరు నొక్కితే ఏ ఇంటి గుట్టు తెలుస్తుంది చెప్పండి?

నా గొడవల్లా ఒక్కటే. చప్పట్లు వేరు, చోటు వేరు. వేషం కట్టి నవ్వించినంతసేపూ ఎవరైనా ముద్దుగానే ఉంటారు. వేషం తీశాక పెళ్ళి చేసుకుంటానంటే? బిడ్డని పెంచుకుంటానంటే? ఆ హక్కులు క్యూబాలో 2022 సెప్టెంబరు 25న జరిగిన ఓటింగుతో గానీ రాలేదు. కొత్త కుటుంబ చట్టానికి నూటికి 67 మంది దాకా సరేనన్నారు. అంటే మూడోవంతు మంది వద్దన్నట్టే. అంతకు మూడేళ్ళ ముందు, 2019 మేలో, వాళ్ళంతట వాళ్ళు హవానాలో ఊరేగింపు తీస్తే పోలీసులు అడ్డుపడ్డారు. అడిగి తెచ్చుకునే హక్కు లేనప్పుడు, ఇచ్చిన హక్కు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరు చెప్పగలరు?

"అయితే నేను ఏడవడం తప్పంటావా?" అంది వదిన చిన్నబుచ్చుకుని.

"ఏడవ్వదినా, ఎవరొద్దన్నారు! ఏడ్చేసి ఊరుకోకు. రెండోది కూడా చూడు" అన్నాను.

రాత్రి రెండోది పెట్టుకుంది. పొయ్యి మీద చారు పొంగిపోతున్నా లేవలేదు.