పేలని తూటాకు చెయ్యెత్తుదాం

హాస్టల్ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! 1948లో మొదలైన ఎన్.సి.సి. పుణ్యమా అని మనలాంటి పల్లె పిల్లల చేతికీ .22 రైఫిల్ అందుతోంది. అందులో చేరే మీకు ఒక మాట.

ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే? పేలని టపాకాయ మీదికి వంగి చేతులు కాల్చుకున్నవాళ్లను బత్తలపల్లెలో చూశాం. తూటాలోనూ మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి, ట్రిగ్గర్ మీది వేలు తీసి, చెయ్యెత్తండి. కనీసం 30 సెకన్లు ఆగాలి. మీరై బోల్టు తెరవకండి. శబ్దం మెల్లగా వస్తే మరీ ప్రమాదం. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనకే ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ పగలవచ్చు.

చెయ్యెత్తితే నవ్వుతారని మేమూ జంకినవాళ్లమే. అర్థం కాకున్నా క్లాసులో తల దించుకు కూర్చోవడం మనకు అలవాటైపోయింది. మన ఇళ్లలో మొదట చదువుకున్నది మనమే, అడగడం నేర్పేవాళ్లు లేరు. క్లాసులో ఆ మౌనానికి మార్కులు పోతాయి. రేంజిలో పక్కనున్న స్నేహితుడి ప్రాణమే పోవచ్చు.

ఫైరింగ్ నేర్పే పెద్దలకూ మా మనవి: చెయ్యెత్తిన పిల్లల్ని కసరకండి. ఒకరిని కసిరితే పదిమంది చేతులు దిగిపోతాయి.

గురి తప్పితే మళ్లీ కాల్చవచ్చు. చెయ్యెత్తడానికి మాత్రం సిగ్గుపడొద్దు.