చట్టానికి కనిపించని అంటరానితనం

మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశ యాత్ర గురించి సాధారణంగా చెప్పుకునేది ఒకటే మాట. ఆయన గాంధీ నడిచిన నేలను చూడడానికి వచ్చారు, అహింస మీద నమ్మకాన్ని మరింత గట్టిపరచుకుని వెళ్లారు. అది నిజమే కానీ, సగం నిజం. ఆ యాత్ర నుంచి ఆయన వెంట తీసుకువెళ్లిన మరొక మాట ఉంది. దాన్ని ఆరేళ్ల తర్వాత తన సొంత చర్చిలో, తన సంఘస్తుల ముందు విప్పి చెప్పారు. ఆ మాట కులానికి సంబంధించినది. అమెరికా నల్లజాతి ప్రజల గురించి చెప్పిన ఆ మాట మన దేశపు చట్టాన్ని, ముఖ్యంగా తెలుగు నేల మీద లక్షలాది దళిత క్రైస్తవుల స్థితిని ప్రశ్నిస్తుంది. ఆ ప్రశ్నకు మనం ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

1959 ఫిబ్రవరి 10న కింగ్ ఢిల్లీలో దిగారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఏళ్లు. మాంట్‌గొమరీలో ఒక బాప్టిస్టు చర్చికి పాస్టరు. 381 రోజుల బస్సు బహిష్కరణ ఉద్యమాన్ని గెలిపించిన నాయకుడు. అంతకు కొద్ది నెలల ముందే హార్లెమ్‌లో కత్తిపోటుకు గురై కోలుకున్నారు. భార్య కొరెటా, చరిత్రకారుడు లారెన్స్ రెడ్డిక్ వెంట ఉన్నారు. నెల రోజుల పాటు నెహ్రూ, రాధాకృష్ణన్, జయప్రకాశ్ నారాయణ్, వినోబా భావే వంటివారిని కలుస్తూ దేశం తిరిగారు. ఆతిథ్యమిచ్చినది గాంధీ స్మారక నిధి కనుక, కులాన్ని ఆయన ప్రధానంగా గాంధేయుల కళ్లతోనే చూశారు. అంబేడ్కర్ మరణించి అప్పటికి రెండేళ్లు దాటింది. తిరిగి వెళ్లాక అదే ఏడు జులైలో ‘ఎబొనీ’ పత్రికలో రాసిన వ్యాసంలో, భారత నాయకులు అంటరానితనాన్ని బహిరంగంగా ఖండిస్తున్నారనీ, అమెరికాలోని పెద్దలకు జాతివివక్ష గురించి ఆ మాత్రం నైతిక ధైర్యం కూడా లేదనీ ఆయన పోల్చి చూపారు.

అయితే, ఆ యాత్రలో మనసును అన్నిటికన్నా లోతుగా తాకిన అనుభవాన్ని కింగ్ 1965 జులై 4న అట్లాంటాలోని ఎబెనీజర్ బాప్టిస్టు చర్చిలో చేసిన ప్రసంగంలో వివరించారు. తిరువనంతపురంలో ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లారు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది అంటరాని కుటుంబాల నుంచి వచ్చినవారు. ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశారు. ఆ క్షణంలో కింగ్ నిర్ఘాంతపోయారు, కొంత నొచ్చుకున్నారు కూడా. తర్వాత ఆలోచనలో పడ్డారు. ఎలుకలు తిరిగే మురికివాడల్లో, ఊపిరాడని పేదరికంలో మగ్గుతున్న రెండు కోట్ల మంది తనవాళ్లు గుర్తుకొచ్చారు. ఔను, నేను అంటరానివాణ్నే, అమెరికాలోని ప్రతి నల్లజాతి మనిషీ అంటరానివాడే అన్న నిర్ణయానికి వచ్చారు.

ఈ మాట చెప్పిన సందర్భాన్ని గమనించాలి. అప్పటికి సెల్మా పాదయాత్ర ముగిసి మూడు నెలలు దాటింది. ఓటుహక్కు చట్టం రావడానికి నెల రోజుల గడువుంది. ఆగస్టు 6న ఆ చట్టంపై సంతకం జరిగింది. అయిదు రోజులకే లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ మంటల్లో చిక్కుకుంది, 34 మంది మరణించారు. ఓటు వచ్చినంత మాత్రాన అవమానం పోదని, చట్టం గుర్తించని గాయం ఏదో ఒక రోజు వీధిలోకి వస్తుందని కింగ్ అర్థం చేసుకున్న కాలమది.

ఇటువంటి అనుభవం కింగ్ ఒక్కరిదే కాదు. ఆయనకు గురుతుల్యుడైన బెంజమిన్ మేస్ కూడా బాప్టిస్టు బోధకుడే. వై.ఎం.సి.ఎ. ప్రపంచ మహాసభ కోసం 1937 ప్రారంభంలో మైసూరుకు వచ్చినప్పుడు, అంటరాని పిల్లల బడిలో ఆయననూ ఇలాగే పరిచయం చేశారు. మొదట ఆయనకూ కష్టం వేసింది, తర్వాత ఆయన కూడా ఆ మాటలోని నిజాన్ని ఒప్పుకున్నారు. 1971లో వెలువడిన ఆత్మకథలో ఆ సంగతి రాసుకున్నారు.

నేను ఆగి ఆలోచించేది ఇక్కడే. ఆ ఇద్దరూ క్రైస్తవ మతబోధకులు. వారిని అంటరానివారని పిలిచిన ఉపాధ్యాయులకు ఆ మతం అడ్డు రాలేదు. మనిషి ఏ దేవుణ్ని కొలుస్తాడన్నది కాదు, సమాజం అతణ్ని ఎక్కడ నిలబెట్టిందన్నదే వారు చూశారు. బడిపంతుళ్లకు తోచిన ఈ మామూలు సత్యం భారత ప్రభుత్వానికి మాత్రం తోచలేదు. కింగ్ రావడానికి తొమ్మిదేళ్ల ముందే, 1950 ఆగస్టు 10న జారీ అయిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కాని వ్యక్తిని షెడ్యూల్డు కులస్తుడిగా పరిగణించరాదని శాసించింది. అంటే, క్రైస్తవుడు అంటరానివాడు కాలేడని.

‘వై వి కాంట్ వెయిట్’ పుస్తకంలో కింగ్ నెహ్రూతో జరిగిన సంభాషణను ప్రస్తావించారు. కళాశాల ప్రవేశాల్లో అంటరాని విద్యార్థులకు ఇచ్చే ప్రాధాన్యం కూడా వివక్షే కదా అని రెడ్డిక్ అడిగితే, కావచ్చునని, అయితే శతాబ్దాల అన్యాయానికి ఇది తాము చేసుకుంటున్న ప్రాయశ్చిత్తమని నెహ్రూ బదులిచ్చారు. అమెరికాలో నల్లజాతి ప్రజలకు పరిహారంగా ప్రత్యేక కార్యక్రమాలు కావాలని వాదించడానికి కింగ్ ఈ సమాధానాన్ని వాడుకున్నారు. ఆ ప్రాయశ్చిత్తం చర్చి గడప దగ్గర ఆగిపోతుందని ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటారా?

చెప్పవలసిన కథ తెలుగు నేల మీదే ఉంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. కింగ్ బోధించినదీ బాప్టిస్టు విశ్వాసమే. ఆ కుటుంబాల వారసులు ఈనాడు తమ మతాన్ని కాగితం మీద నిజాయితీగా రాసుకుంటే ఎస్సీలు కారు. తెలుగు రాష్ట్రాల్లో వారికి దక్కేది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ చేసే హక్కు లేదు. అందుకే ఎంతోమంది బడి రికార్డులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో మరొక పేరు పెట్టుకుని బతుకుతున్నారు. విశ్వాసమో, హక్కో ఏదో ఒకటి దాచుకోక తప్పని స్థితి వారిది.

క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది మొదటి అభ్యంతరం. సిక్కు మతంలోనూ, బౌద్ధంలోనూ సిద్ధాంతపరంగా కులం లేదు. అయినా 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను జాబితాలో చేర్చారు. కనుక ఆ వాదనను రాజ్యం ఎప్పుడో వదులుకుంది. మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టుకునే సూసై, క్రైస్తవుడైనందుకు తనకు ప్రభుత్వ బంకు ఇవ్వలేదని కోర్టుకెక్కారు. మతం మారాక కూడా అవే వైకల్యాలు అంతే తీవ్రతతో కొనసాగుతున్నాయనడానికి ఆధారాలు కావాలని సుప్రీంకోర్టు 1985 సెప్టెంబరులో ఆ కేసు కొట్టేసింది. ఆ తీర్పుకు రెండు నెలల ముందు, జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మాదిగపల్లె మీద పడినవారు ఎవరి ఇంట్లో ఏ దేవుడి పటం ఉందో చూసి కత్తి ఎత్తలేదు.

2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఈ వైరుధ్యాన్ని మరింత స్పష్టంగా ముందుకు తెచ్చింది. కులం పేరుతో దూషించి దాడి చేశారని ఒక పాస్టరు ఫిర్యాదు చేస్తే, ఆయన క్రైస్తవుడు కనుక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని కోర్టు కేసును కొట్టేసింది. ఉత్తర్వు అలా ఉన్నంతకాలం న్యాయమూర్తి అలాగే చెబుతారు. తప్పు తీర్పులో కన్నా ఉత్తర్వులో ఉంది. కులం పేరుతో తిట్టేవాడికి పాస్టరు కులం గుర్తుంటుంది, రక్షించవలసిన చట్టానికి మాత్రం గుర్తుండదు.

రెండో అభ్యంతరం మరింత నిజాయితీ గలది. మిషన్ బడుల్లో చదువుకున్నవారు వచ్చి తమ వాటా తీసుకుపోతారని హిందూ దళితుల్లో ఒక భయం ఉంది. దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమ్మతించింది, రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని అమలులోకి తెచ్చాయి. ఎవరు ఎంత వెనుకబడ్డారో లెక్క తీసి పంచే పద్ధతి చేతిలో ఉన్నప్పుడు, ఒక సమూహాన్ని మొత్తంగా తలుపు బయట నిలబెట్టడానికి ఆ భయం కారణం కాజాలదు.

ఇక చర్చి. ఆదివారం ఉదయం పదకొండు గంటల వేళ అమెరికాలో అత్యంత విభజితమైన సమయమని కింగ్ పలుమార్లు సిగ్గుపడుతూ చెప్పారు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలకు రాసిన లేఖలో, అన్యాయం ముందు మౌనంగా ఉన్న చర్చిని తీవ్రంగా నిలదీశారు. ఆ ప్రశ్న మన చర్చికీ వర్తిస్తుంది. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి కతోలికులు అన్న మాటలు మన ఊళ్లలో ఎవరికీ కొత్తగా వినిపించవు. 2022లో పూల ఆంథొనీ తొలి దళిత కార్డినల్ అయ్యారని సంతోషించాం. సభ్యుల్లో అధికభాగం దళితులైన చర్చిలో ఆ గౌరవానికి ఇంతకాలం ఎందుకు పట్టిందని అడిగినవారు తక్కువ. లోపల కులం లేదని బుకాయిస్తూ, బయట కులం ఆధారంగా హక్కు అడగడం చెల్లదు. తన పెళ్లిళ్లలో, శ్మశానాల్లో, పదవుల పంపకంలో కులం ఎలా పనిచేస్తోందో చర్చి స్వయంగా లెక్క తీసి బయటపెట్టాలి. అదే ప్రభుత్వం ముందు పెట్టగల బలమైన సాక్ష్యం అవుతుంది.

షెడ్యూల్డు కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టరాదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి, తర్వాత దాని గడువు పొడిగించింది. కమిషన్లకు కొదవ లేదు, కొదవంతా నిర్ణయానికే. మూడో పేరాను తొలగించడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, పార్లమెంటులో ఒక మామూలు చట్టం చాలు. అంటరానితనానికి మతం లేదని దాన్ని పాటించేవాళ్లు ఏనాడో తేల్చేశారు. దాన్ని రూపుమాపుతానని ప్రతిజ్ఞ చేసిన రిపబ్లిక్ మాత్రమే ఇంకా మతం కాలమ్ వైపు చూస్తోంది.